అప్ప వడికిన చిలప

మా అప్పని పనిమనిషి అన్నాను. ముందే చెప్పేస్తున్నాను, చుట్టూ తిప్పి చెప్పే ఓపిక నాకు లేదు. పెళ్ళిచూపుల చాప మీద కూర్చుని, కన్నతల్లి ఎదుట, నా నోటితో నేనే అన్నాను.

అప్ప అంటే మా పొందూరు వైపు అక్క. నాకన్నా ఏడేళ్ళు పెద్దది. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే ఆమెకి గోడలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం మొదలైంది. అన్నంలో ఏదో కలిపారని విస్తరి తోసేసేది. అత్తవారు తీసుకొచ్చి మా గుమ్మంలో దింపి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయారు. వేపమండలూ తాయెత్తులూ అన్నీ అయ్యాక, నాన్న ఆమెని రైలెక్కించి పట్నం ఆసుపత్రిలో చేర్పించాడు. ఐదు నెలలు అక్కడే ఉంది. ఇదంతా అరవైల చివరి మాట.

ఇంటికి పంపే రోజున డాక్టరు నాన్నతో అన్న మాటలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. నేను పక్కనే ఉన్నాను మరి. "మాత్రలు మానిపించకండి. ఆ తర్వాత, ఈమెని గదిలో దాచకండి. నలుగురిలో కూర్చోబెట్టండి. చేతికి పని ఇవ్వండి. బాగా చేస్తే బాగుందనండి, బాగా లేకపోతే ఆ మాటే అనండి. దాచారంటే మళ్ళీ మొదటికొస్తుంది."

మా వీధిలో ఆడవాళ్ళకి పనంటే నూలే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు, ఏకులు చుట్టి అరటిదొప్పలో పెట్టుకుంటారు, తెల్లారగానే అరుగుల మీద రాట్నాలు వేసుకుని కూర్చుంటారు. వడికిన నూలుని చుట్టి చిలప కడతారు. అమ్మ మొదటిరోజు అప్పని అరుగు మీద కూర్చోబెడితే పక్కవాళ్ళు రాట్నాలు అటు జరుపుకున్నారు. మాత్రల వల్ల అప్ప చెయ్యి నెమ్మదించింది. కానీ సన్ననూలుకి కావలసిందే ఆ నెమ్మది! రెండు నెలలయ్యేసరికి ఎదురింటావిడ అప్ప చిలప చేతిలోకి తీసుకుని, "ఓలమ్మా! ఏటే ఈ నూలు? ఇలా రండర్రా, సూడండి" అని కేకేసింది. జరిగిన రాట్నాలు మళ్ళీ దగ్గరికొచ్చాయి. ఆ ఏడు వానాకాలంలో అప్ప నవ్వడం విన్నాను. ఎవరో తమ మొగుడి గురించి ఏదో వేళాకోళం ఆడితే నవ్వింది. అమ్మ లోపల పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

నెలకోసారి మాత్రల కోసం పట్నం తీసుకెళ్ళేది నేనే. డాక్టరు హాల్లోనే బల్ల వేసుకుని చూసేవాడు. ప్రతిసారీ అవే మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఇది ఏ నెల? ఇది ఏ ఊరు? నీ పక్కన ఉన్నది ఎవరు? మూడోదానికి అప్ప నవ్వు ఆపుకుంటూ "నా సెల్లండి. కోపిస్టిది" అనేది. ఆ తర్వాత కొంగులోంచి ఆ నెల వడికిన చిలప తీసి చూపించేది. ఆయనకి నూలు గురించి ఏమీ తెలియదు, అయినా వెలుతురులో పెట్టి చూసేవాడు.

ఇంతలో నాకు సంబంధం వచ్చింది. చీపురుపల్లి దగ్గర పల్లె, వాళ్ళూ నూలువాళ్ళే. మా ఇళ్ళల్లో పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దావిడ పిల్లని పాట పాడమనదు. పిల్ల వడికిన చిలప అడుగుతుంది, పోగు వేళ్ళ మధ్య లాగి చూస్తుంది. నా నూలు సంగతి ఏం చెప్పను? నా కోపం లాగే ఎక్కడికక్కడ ముడులు. అందుకని అప్ప చిలప నాదని పెడదామన్నాను. అమ్మ వద్దంది. నేను అరిచాను. ఆ అరుపుతోనే రెండో మాట కూడా అనేశాను, అప్ప వాళ్ళ కంట పడకూడదని.

అప్పతో నేనే చెప్పాను. "దొడ్డి పాకలో ఉండు. బయటికి రాకు."

"నానొస్తే ఏటవుతాది?"

"నా పెళ్ళి సెడిపోతాది."

"సరేలే" అని పాకలోకి వెళ్ళిపోయింది. గోల చేసి ఉంటే బాగుండేది.

పెళ్ళికొడుకు తల్లి చిలప చూసి మురిసిపోయింది. మురిసి ఊరుకోవచ్చుగా! "ఏదమ్మా, ఓ పోగు తియ్యి సూద్దాం" అంది. రాట్నం ముందుకి లాక్కున్నాను. పోగు తెగింది. అతికించాను, తెగింది. మూడోసారీ తెగింది. తలెత్తితే అందరి కళ్ళూ నా వేళ్ళ మీదే ఉన్నాయి.

రాట్నం ఆగి ఆగి తిరుగుతుంటే అప్పకి పాకలో వినబడింది కాబోలు. వచ్చేసింది. ఎవరి వైపూ చూడలేదు. నా పక్కన గొంతుక్కూర్చుని, తెగిన పోగు అందుకుని అతికించి, నా చేతి మీద తన చెయ్యి వేసి చక్రం ఒక్క చుట్టు తిప్పింది. వెంట్రుకంత పోగు బారెడు సాగింది.

"ఎవులమ్మా ఈ మనిసి?" అంది పెద్దావిడ.

అమ్మ నోరు విప్పబోయింది. నేనే ముందు అన్నాను. "మా ఇంట్లో పన్మనిసండి."

అప్ప చెయ్యి నా చేతి మీదనుంచి లేచింది. లేచి నిలబడి, చాప చుట్టూ ఉన్న కాఫీ గ్లాసులు ఒక్కొక్కటే ఏరుకుని దొడ్లోకి తీసుకెళ్ళి కడిగింది. ఆ గదిలో ఆ పూట బుర్ర సరిగ్గా పనిచేసింది ఆమెకొక్కదానికే. పెద్దావిడ "సిగ్గుకి సెయ్యి వణికింది, ఫర్వాలేదు" అని ఆ చిలప ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. సంబంధం కుదిరింది.

మర్నాడు అప్ప అరుగు మీదకి రాలేదు. వాకిలి ఊడ్చింది, అంట్లు తోమింది. అమ్మ రాట్నం తెచ్చి ముందు పెడితే పక్కకి జరిపింది. నాతో మామూలుగానే మాట్లాడింది. నేనే ముఖం చెల్లక తిరిగాను, క్షమించమని మాత్రం అడగలేదు.

అంతటితో ఆగినా నేను కొంత మనిషిననిపించుకునేదాన్ని.

ఆ నెల పట్నం వెళ్ళాం. ఆసుపత్రి బెంచీ మీద పెళ్ళికొడుకు పినతల్లి కూర్చుని ఉంది. చూపులకి వచ్చినవాళ్ళలో ఆవిడా ఒకతె. తన మొగుణ్ణి తీసుకొచ్చింది. ఎవరూ చూడకుండా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నదల్లా నన్ను గుర్తుపట్టి, "నివ్వేటమ్మా ఇక్కడ?" అంది. "మా పన్మనిసికి బాగోలేదండి" అన్నాను. రెండోసారి కదా, తడుముకోకుండా వచ్చింది.

ఇంతలో అప్పని పిలిచారు. బల్లకీ బెంచీకీ నాలుగడుగులు కూడా లేవు. డాక్టరు మూడు ప్రశ్నలూ అడిగాడు. నెల చెప్పింది. ఊరు చెప్పింది. "నీ పక్కన ఉన్నది ఎవరు?" అన్నాడు.

అప్ప వెనక్కి తిరిగి బెంచీ మీద ఆవిడని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మా అమ్మగోరండి. నాను ఆరింట్లో పన్మనిసిని."

డాక్టరు కలం ఆగింది. "మరి చిలపేది?" అన్నాడు. "వడకడం నేదండి" అంది. ఆయన నా వైపు తిరిగి, "ఇలా ఎన్నాళ్ళనుంచి అంటోంది?" అని అడిగాడు.

నా పెళ్ళి కాపాడడానికే అలా అంటోందని చెప్పాలి. ఆమె బుర్ర నాకన్నా బాగుందని చెప్పాలి. వెనక పినతల్లి వింటోంది. "ఈ నెలనుంచేనండి" అన్నాను. డాక్టరు మాత్రలు రెట్టింపు రాశాడు. ఆయన తప్పేముంది?

పది రోజులకి అప్ప చేతులు వణకడం మొదలుపెట్టాయి. పెదవి చివర చొంగ కారేది, కొంగుతో తుడుచుకునేది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికేవి. నా పెళ్ళి విందులో ఎవరూ చెప్పకుండానే పనివాళ్ళ బంతిలో కూర్చుంది. అన్నం విస్తరికీ నోటికీ మధ్య జారిపోతుంటే, నేను పట్టుబట్టల్లో నిలబడి చూశాను. వెళ్ళి లేపలేదు.

నెల తిరక్కుండా మా అత్తగారికి అన్నీ తెలిశాయి. ఇలాంటివి దాగుతాయా? నన్ను వెళ్ళగొడుతుందనుకున్నాను. ఆవిడ ఆ చిలప తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇది నీది కాదని నాకా దినమే తెలిసింది. పోగు తీసిన సెయ్యి సూసి పోల్చుకోలేనేటి? మా ఇంట్లో మా మరిది లేడేటి, అదే ఆసుపత్రి మాత్రలు మింగుతూ? ఎల్లి ఆ దాటరుకి నిజం సెప్పు" అంది. ఎవరికి భయపడి అదంతా చేశానో వాళ్ళకి ఆ దాపరికం అవసరమే లేకపోయింది. నాకు చచ్చిపోవాలనిపించింది.

ఆషాఢానికి పుట్టింటికి వచ్చి, అప్పని తీసుకుని పట్నం వెళ్ళాను. బెంచీ నిండా జనం ఉన్నారు. అందరూ వినేలా డాక్టరుకి మొత్తం చెప్పాను, పనిమనిషి అన్న మాటతో సహా. ఆయన మాత్రలు పాత లెక్కకి తగ్గించి రాసి, అప్ప వైపు తిరిగాడు. నెల అడిగాడు, చెప్పింది. ఊరు అడిగాడు, చెప్పింది.

"నీ పక్కన ఉన్నది ఎవరమ్మా?"

అప్ప నా వైపు తిరిగింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బజారుకి ఏం తేవాలని అడిగినట్టు, మెల్లిగా అడిగింది.

"ఏటని సెప్పమంతావే?"