గజ్జెల్లో చిక్కిన పిన్నులు

కోవిడ్ మాస్కులు తీసేసిన మరుసటి ఏడాది సంగతి ఇది. సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో చిన్న చిన్న ఫ్యాక్టరీలు అంతస్తులవారీగా ఉండే ఒక ఇండస్ట్రియల్ బ్లాకులో, మూడో అంతస్తులో మాది మెటల్ ఫినిషింగ్ షాపు. పాత లోహపు సామాన్లకు మురికి, చిలుము, తుప్పు వదలగొట్టి మెరుగు పెట్టడం మా పని. నేను పుట్టింది మలేషియాలో. ఇరవై రెండేళ్ల వయసులో పని వెతుక్కుంటూ ఇటు వచ్చి, ఈ షాపులోనే జుట్టు నెరిపించుకున్నాను. ఇత్తడి గురించి నాకు తెలియనిది లేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. అలాంటి నమ్మకం ఉన్నవాడికి ఏం జరగాలో నాకూ అదే జరిగింది.

ముందు మా యంత్రం సంగతి చెప్పాలి. దాన్ని వెట్ టంబ్లర్ అంటారు. లోపల రబ్బరు అతికించిన డ్రమ్ము, దాన్ని తిప్పడానికి ఒక మోటారు, అంతే. సామాన్లు డ్రమ్ములో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బు కొంచెం, నిమ్మ ఉప్పు చిటికెడు కలుపుతాం. ఆ పైన అసలు పనివాళ్లను దింపుతాం. అవి స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు. ఒక్కోటి జీలకర్ర గింజంత పొడవు, అంతకన్నా సన్నం. కిలోలకొద్దీ పోస్తాం. డ్రమ్ము మెల్లగా దొర్లుతుంటే అవి మూలమూలకీ దూరి, వేలు పోని చోటల్లా రుద్దుతాయి. రెండు మూడు గంటల్లో నల్లటి ఇత్తడి పచ్చగా తేలుతుంది. నిమ్మ ఉప్పు ఎక్కువైతే మాత్రం ఎర్రబడి రాగిలా కనిపిస్తుంది. ఆ కొలత చేతికి పట్టడానికే నాకు ఏడాది పట్టింది.

నిజానికి ఈ యంత్రాన్ని తయారుచేసింది మా బోటివాళ్ల కోసం కాదు. బయటి దేశాల్లో తుపాకీ సరదా ఉన్నవాళ్లు, పేలిన తూటాల ఇత్తడి తొడుగుల్ని ఏరుకొచ్చి, ఇందులో కడిగి, మళ్లీ మందు నింపుకుంటారట. దాన్ని రీలోడింగ్ అంటారు. సింగపూర్‌లో మా బోటివాళ్లు ఆ మాటే ఎత్తకూడదు. మేం కడిగేది కుళాయిలు, వాల్వులు, తలుపు బందులు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో మాత్రం ఎక్కడ చూసినా తూటాల బొమ్మలే. ఒక పేజీలో పెద్ద అక్షరాలతో హెచ్చరిక కూడా ఉంది: తొడుగు అడుగున ఉండే సన్నటి రంధ్రంలో పిన్నులు చిక్కుకుంటాయి, కడిగాక ప్రతి తొడుగునూ వెలుతురుకు ఎత్తి చూడండి, అని. ఈ తూటాల గోల మనకెందుకులే అని నేను ఆ పేజీ తిప్పేశాను.

ఒక సోమవారం మధ్యాహ్నం రాజ్యలక్ష్మి ఆంటీ మా షాపుకు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. కృష్ణా జిల్లా నుంచి పెళ్లయి ఈ ఊరొచ్చి, బిషాన్ పేటలో తమ ఫ్లాటు హాల్లోనే ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు కూచిపూడి నేర్పారని తర్వాత తెలిసింది. ఆ రోజు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మనవరాలు దివ్య మోచెయ్యి పట్టుకుని నడిచారు. ఎండకి అద్దాలు, మెట్లకి మనవరాలు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించే ఓపిక నాకెక్కడిది!

ఆవిడ సంచిలోంచి ఒక మూట తీసి నా బల్ల మీద పెట్టారు. విప్పితే గజ్జెలు. కాళ్లకు కట్టుకునే తోలు పట్టీల నుంచి విప్పదీసిన ఇత్తడి మువ్వలు, కాలికి యాభై చొప్పున మొత్తం వంద. అన్నీ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"ఏడేళ్లుగా బీరువాలో పడున్నాయి అబ్బాయ్. ఆదివారం సాయంత్రం మా దివ్య ఇవి కట్టుకుని ఆడాలి. గురువారానికి చిలుం వదిలించి ఇస్తావా?" అన్నారు. యాభై దాటిన నన్ను అబ్బాయ్ అని పిలిచినావిడ ఈ ఊళ్లో ఆవిడొక్కరే.

"గురువారం దాకా ఎందుకాంటీ, రేపే చేసేస్తా. మీ మొహం చూసుకోవచ్చు వాటిల్లో, అంత షైనింగ్ తెప్పిస్తా!"

"మొహం సంగతి అలా ఉంచు. పాడుచెయ్యకు, అంతే చాలు. అవి నా పంచప్రాణాలు."

"కేర్‌ఫుల్ అంకుల్, వెరీ ఓల్డ్ లా," అంది దివ్య, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి. పాలిటెక్నిక్‌లో చదువుతున్న పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది.

మంగళవారం పొద్దున్నే వందా డ్రమ్ములో పోశాను. మూడు గంటలు తిప్పి, జల్లెడలో పిన్నులు రాల్చి, వేడిగాలితో ఆరబెట్టాను. అబ్బ, ఏం మెరుపు! నిన్ననే పోత పోసినట్టున్నాయి. ఎక్కడలేని గర్వంతో వరసగా పేర్చి ఫోటో తీసి మా ఆవిడకు పంపాను. ఒక్కటంటే ఒక్కటి ఊపి చూడాలని తోచలేదు. ఊపినా వినిపించేది కాదు. యంత్రాల హోరుకి మేం పొద్దస్తమానం చెవుల్లో ప్లగ్గులు పెట్టుకునే ఉంటాం.

గురువారం ఇద్దరూ వచ్చారు. నేను పెట్టె మూత తీసి, లైటు కిందికి జరిపి, "చూడండాంటీ!" అన్నాను. ఆవిడ చూడలేదు. చెయ్యి చాపి, తడిమి, ఒక మువ్వను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. చక్ మంది. ఇంకోటి తీశారు. అదీ చక్ మంది. నాలుగోది కూడా ఊపి, నా వైపు తిరిగారు.

"అబ్బాయ్, వీటి గొంతు ఏం చేశావ్?"

"అది కాదాంటీ, షైనింగ్ చూడండి ఎలా వచ్చిందో..."

"అంకుల్," అంది దివ్య మెల్లగా, "అమ్మమ్మకి కనపడదు. ఫైవ్ ఇయర్స్ అయింది. జస్ట్ నీడలు తెలుస్తాయి, అంతే."

ఒక మువ్వను తీసి వెలుతురుకు ఎత్తాను. మువ్వ అడుగున సన్నటి చీలిక ఉంటుంది, లోపల చప్పుడు చేసే ఇనుప గుండు ఉంటుంది. ఆ చీలికలోంచి నా పిన్నులు నాలుగో అయిదో లోపలికి దూరి, అడ్డదిడ్డంగా పడి, గుండును కదలనివ్వకుండా బిగించేశాయి. ఇంకోటి చూశాను. అదీ అంతే. నేను తిప్పేసిన పేజీ అక్షరం పొల్లుపోకుండా కళ్ల ముందు కనిపించింది.

"అలమక్!" అన్నాను. అయ్యో అనడానికి, తప్పు చేసినప్పుడు నా నోట ఈ మలయ్ మాటే వస్తుంది.

"వేరే గజ్జెలు లేవా?" అని అడిగాను, ఆ అడగడం కూడా తప్పేనని తెలియక.

"దివ్యవి ఉన్నాయి," అన్నారు ఆంటీ. "కానీ ఆదివారం తాళం నాది. నేను తాళాలు వాయిస్తూ జతి చెప్పాలంటే దాని అడుగు నాకు తెలియాలిగా? కళ్లు లేవు, చెవులే దిక్కు. ఇవి నలభై ఏళ్లు నా కాళ్లకున్నవి. హాలు ఆ చివర మోగినా, మడమ పడిందో మునివేళ్లు పడ్డాయో చెప్పేస్తాను. కొత్తవైతే అన్నీ ఒకటే గోల నాకు. ఇవి లేకపోతే నేను వేదిక ఎక్కను. దివ్యే రికార్డు పెట్టుకుని ఆడుతుంది."

"అమ్మమ్మ, దిస్ ఈజ్ యువర్ లాస్ట్ షో," అంది దివ్య.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మువ్వల్ని మళ్లీ పెట్టెలో ఒక్కొక్కటిగా పెడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. "శనివారం సాయంత్రానికి వాటి గొంతు వాటికి తెచ్చిస్తానాంటీ," అన్నాను. ఎలాగో నాకే తెలియదు.

ముందు అయస్కాంతం పెట్టి చూశాను. పిన్నుల కంటే ముందు ఇనుప గుండే వచ్చి చీలికకు అడ్డం పడింది. గాలి గొట్టంతో ఊదితే పిన్నులు లోపలే గిరగిరా తిరిగాయి. చివరికి పిన్నులు రాల్చే జల్లెడ యంత్రం మీద మువ్వల్ని చీలిక కిందికి ఉండేలా బోర్లించి వదిలాను. అది సన్నగా అదురుతుంటే, దారి దొరికిన పిన్ను దొరికినట్టు రాలసాగింది. గంటకు చాలావరకు దిగాయి. మొండివి ఒకటీ రెండూ మిగిలాయి. వాటిని వంచిన సూదితో లాగాలి. కానీ ఏ మువ్వలో ఉన్నాయో, ఏ మువ్వలో లేవో తెలియడం ఎలా? సన్నటి చీలికలోంచి అన్ని మూలలూ కనపడవు. దివ్యకు ఫోన్ చేశాను. శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఆవిడను మా షాపులో దింపి కాలేజీకి వెళ్లిపోయింది.

శుక్రవారం, శనివారం, ఆ రెండు మధ్యాహ్నాలూ షాపులో మిగతా యంత్రాలన్నీ కట్టేశాను. చెవుల్లో ప్లగ్గులు తీసేశాను. నేను సూదితో కెలకడం, ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని ఊపడం.

"ఇంకొకటుంది."

"లేదాంటీ, టార్చి వేసి చూశాను."

"చూడ్డం చాల్లే. ఇలా ఇవ్వు. ఊఁ, ఉంది. పై అంచున పట్టుకుంది."

మళ్లీ కెలికితే నిజంగానే ఉండేది! పదోసారికి నేను వాదించడం మానేశాను. యాభయ్యోది అయ్యేసరికి నాకూ కొంచెం కొంచెం తేడా తెలియసాగింది. ఖాళీ మువ్వ ఘల్లుమంటుంది. పిన్ను ఉన్నది ఘల్లుమనబోయి నాలుక కరుచుకుంటుంది. ఆ మాట అంటే ఆవిడ పడీ పడీ నవ్వారు.

"పర్లేదే, పనికొస్తావ్. చిన్నప్పుడు నా క్లాసుకి వచ్చుంటే తాళం నేర్పేదాన్ని."

"నాకు కాళ్లు రావాంటీ."

"కాళ్లెవరు అడిగారు? చెవులుంటే చాలు."

కింద తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్ నుంచి నూడుల్స్ తెప్పించాను. ఆవిడది శాకాహారం అని మూడుసార్లు చెప్పి తెప్పించినా అందులో రొయ్యపొట్టు వచ్చింది. వాసన చూసి పక్కకు నెట్టి, సంచిలోంచి పులిహోర డబ్బా తీసి నాకే సగం పెట్టారు. తింటూ, తాను మొదటిసారి ఈ ఊళ్లో ఆడినప్పుడు హాల్లో పట్టుమని పదిమంది కూడా లేరని, వాళ్లలో ఒకాయన నిద్రపోయాడని, ఆయన తన మొగుడేనని చెప్పారు. నాకు పొలమారింది.

శనివారం నాలుగు గంటలకు నూరోది చేతికొచ్చింది. దాన్ని చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నారు. తర్వాత పెట్టెలో వేసి, "అయిపోయింది," అన్నారు. దివ్య వచ్చి, అన్నిటినీ మళ్లీ పట్టీలకు కట్టుకోవడానికి తీసుకెళ్లింది.

ఆదివారం మా ఆవిడతో కలిసి వెళ్లి ఆఖరి వరసలో కూర్చున్నాను. రాజ్యలక్ష్మి ఆంటీ వేదిక పక్కన చాప మీద తల కొంచెం వంచి కూర్చున్నారు. దివ్య మొదటి అడుగు వేసింది. ఘల్లుమంది. ఆంటీ ముఖంలో వెలుగు నాకు ఆఖరి వరసలోకి కూడా కనిపించింది. ఒకచోట ఆ పిల్ల తడబడి అడుగు ఆలస్యం చేస్తే, ఆవిడ తాళం కూడా అంతే ఆగి, అందుకుని, మళ్లీ పరుగు పెట్టించింది. హాల్లో ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ తర్వాత మా షాపు జాబ్ కార్డులో, అంటే ఏ సామానుకు ఏం చెయ్యాలో రాసుకునే కాగితంలో, మొదటి ప్రశ్న మార్చేశాను. ఇంతకుముందు 'ఎంత మెరుపు కావాలి' అని ఉండేది. ఇప్పుడు 'ఇది మీకు ఏం పని చేసి పెడుతుంది' అని ఉంటుంది. తెచ్చినవాళ్లు కొందరు వింతగా చూస్తారు. చూడనీ. వాళ్లు చెప్పేదాకా నేను డ్రమ్ము మూత తియ్యను. ప్లగ్గులు తీసి వింటాను. తూటాల పేజీ కూడా చింపి గోడకు అంటించాను.

ఇంతకీ ఆ రోజు ప్రోగ్రాం అయ్యాక జరిగింది చెప్పలేదు కదూ. జనం పలచబడ్డాక దగ్గరికి వెళ్లి, "ఆంటీ, నేను," అన్నాను.

"తెలుసులే. అబ్బాయ్, ఎడమ కాలు, రెండో వరస. ఒక పిన్ను ఉండిపోయింది."

"అయ్యో! ఇలా ఇవ్వండాంటీ, ఇప్పుడే తీసేస్తా."

"తియ్యొద్దు. నిన్న నూరోది చెవి దగ్గర పెట్టుకున్నప్పుడే తెలుసు నాకు. నేనే ఉంచాను."

"ఎందుకాంటీ?"

ఆవిడ నా చెయ్యి తడుముకుని పట్టుకున్నారు. "నలభై ఏళ్ల నా చప్పుడు ఉంది వాటిల్లో. ఇవాళ్టి నుంచి దివ్యది. రెండు రోజులు కూర్చుని వాటికి గొంతు తెచ్చినవాడివి, నీదొకటి ఉండొద్దూ?"