పది లీటర్ల లెక్క

ఆ రోజుల్లో నా అంత తెలివిగలది మాచర్లలో మరొకతి లేదని నా గట్టి నమ్మకం. (అది ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా ఆయన అంటారు.) ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, గీజర్లూ మిక్సీలూ అమ్మే కొట్టులో చేరి నెల కూడా కాలేదు. కొట్టు యజమానిని బజారంతా మామూ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇంట్లో ఎంతమందని అడగడం, కాగితం మీద గుణించడం, ఇన్ని లీటర్లు చాలని తీర్పు చెప్పడం నా పని. డాక్టరు మందు రాసినట్టు రాసేదాన్ని.

పాత రాగి బాయిలరు ఇస్తే కొత్త గీజరు మీద తగ్గింపు ఉందని విని మా వీధి పెద్దమ్మ వచ్చింది. (చుట్టరికం లేదు, పిలుపే.) పొగకు కళ్ళు మండిపోతున్నాయట. కూతురికి పురుడు పోసి వారమైంది. పెద్దమ్మ, పెదనాన్న, కూతురు, మొత్తం ముగ్గురు. పది లీటర్లది దివ్యంగా సరిపోతుందన్నాను. పసిదాన్ని లెక్కెయ్యవా అని ఆవిడ అనుమానంగా అడిగితే, చెంబెడు నీళ్ళ మనిషికి లెక్కెందుకని నవ్వాను. మామూ ఏదో చెప్పబోయి, నా కాగితం వంక చూసి ఊరుకున్నాడు. గీజరు వాళ్ళింటికి వెళ్ళింది, బాయిలరు మా కొట్టుకొచ్చింది.

నాలుగో రోజు పొద్దున్నే కొట్టు తీస్తుంటే పెద్దమ్మ ఫోన్. ఆ రోజు పురిటి స్నానం. ఒంటినిండా నూనె రాసి, నలుగు పెట్టి, బాలింతను పీట మీద కూర్చోబెట్టారు. రెండో బకెట్టుకే గీజరులోంచి చన్నీళ్ళు వచ్చాయి.

“ఏమే, బాలింతకు ఎన్ని బకెట్లు పోస్తారో నీకు తెలవదా? దుప్పటి కప్పుకొని వణకతా కూచోనుంది నా బిడ్డ.”

నాకు నిజంగానే తెలియదు. పెళ్ళి కాలేదు, అక్కచెల్లెళ్ళు లేరు, డిప్లొమాలో బాలింతల పాఠం లేదు. ఉద్యోగం సంగతి తరవాత, ఆ పిల్లకు జ్వరమొస్తే నేను ఏ మొహంతో మా వీధిలో తిరగను? పైగా మార్పిడికి వచ్చిన పాత సామానంతా ముందు రోజే నరసరావుపేట బండి ఎక్కేసింది.

మామూకు చెప్పాను. ఆయన వెనక గదిలోకి వెళ్ళి గోనెపట్టా లాగాడు. కింద పెద్దమ్మ బాయిలరు!

“పురిటి ఇల్లు గదమ్మా, అందుకే పంపలా. నువ్వు మనుషుల్నే లెక్కేశావు, నీళ్ళు ఎట్టా పోస్తారో అడగలా.”

మరి అప్పుడే చెప్పొచ్చుగా అన్నాను. చెబితే నీ కాగితం ఒప్పుకుంటదా అన్నాడు. ఆ మనిషి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ఆటోలో బాయిలరును ఒళ్ళో బిడ్డలా పట్టుకుని పరిగెత్తాను. పెదనాన్న పత్తికట్టె ఎగదోశాడు, నేను పొగలో కూర్చుని ఊదాను. అరగంటలో నీళ్ళు సలసలా కాగాయి. వేణ్ణీళ్ళు పడుతుంటే ఆ పిల్ల వణుకు ఆగింది, కళ్ళు మూతలు పడ్డాయి. అప్పటికి నాకు ఊపిరాడింది. పెద్దమ్మ నన్ను తిట్టడం మాని, కాఫీ ఇచ్చింది.

మొన్నామధ్య నాకు పాప పుట్టింది. మా పుట్టింట్లో ఇరవై అయిదు లీటర్ల గీజరు ఉంది, నేను లెక్కేసి పెట్టించిందే. పదకొండో రోజు తెల్లారేసరికి గుమ్మం ముందు ఆటో ఆగింది. అందులో చింతపండుతో తోమిన రాగి బాయిలరు, పక్కన పెద్దమ్మ. నీ గీజరు మొహం కడుక్కోటానికి ఉంచుకో అంది. పీట మీద కూర్చున్నాను. ఆరు బకెట్ల దాకా లెక్కపెట్టినట్టు గుర్తు. తరవాత హాయిగా నిద్ర ముంచుకొచ్చింది.