పక్క టార్గెట్‌లో పడ్డ ఎనిమిది తూటాలు

శబరి ఒడ్డున ఉన్న ఒక ఠాణాలో కాశయ్య ఆయుధాల గది మున్షీ. పదకొండేళ్లుగా ఆ గది తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఏటా జరిగే చాంద్‌మారీలో, అంటే గురి పరీక్షలో, పాసైనట్టు కాగితం చూపించనివాళ్లకు ఆయన తుపాకీ ఇవ్వడు. ఎస్సై వచ్చినా సరే, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, "కాగితమేది సార్?" అంటాడు.

ఆయన కాగితం మాత్రం ఎవరూ అడగలేదు. పని వదిలి పరీక్షకు రావడం కుదరదని ఏటా తనే రాసి తనే ఫైల్లో పెట్టుకున్నాడు. తన పిస్తోలు ఇన్నేళ్లలో చేసిన పనల్లా బెల్టును ఒక పక్కకు లాగడమేనని ఆయనకు తెలుసు.

ఈసారి పైనుంచి ఆర్డరొచ్చింది: మున్షీలకూ మినహాయింపు లేదు, తప్పినవాళ్లు ఆయుధం అప్పగించాలి. యాభై మూడేళ్ల వయసులో, దగ్గర్లోని కొంటా ఊరి సంతలో అందరూ చూస్తుండగా ఖాళీ బెల్టుతో తిరగాలేమోనన్న తలపుకే ఆయనకు అన్నం దిగలేదు.

ఆ ఉదయం మైదానంలో రూళ్లు చదివిందీ ఆయనే. పక్కవాడి టార్గెట్‌కు తగిలిన తూటా లెక్కలోకి రాదన్న ముక్కను గొంతు పెంచి మరీ చదివాడు.

తర్వాత తన వంతు పది తూటాలూ కాల్చాడు. ఆయన టార్గెట్ కొత్త పంచెలా మచ్చ లేకుండా ఉంది. పక్కనున్న కానిస్టేబుల్ మంగల్ టార్గెట్‌లో మాత్రం పది తూటాలకు పద్దెనిమిది చిల్లులు.

"కాకా, నీ తూటాలన్నీ మా ఇంటికే చుట్టాలొచ్చినయి," అన్నాడు మంగల్. మైదానమంతా నవ్వింది.

గురి నేర్పే ఉస్తాద్ బుధ్రా దగ్గరికొచ్చి, "ఏంది మున్షీజీ, ఆ ఎనిమిది మీవేనని అందరికీ తెల్సు. మీ పేర రాసేస్త," అన్నాడు.

కాశయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఎనిమిదీ కావాలనే అటు కాల్చానని చెప్పుకోవడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. అంతలో కానిస్టేబుల్ రీనా కనబడింది. నిరుడు ఇదే తప్పుకు ఆమె రైఫిల్ గదిలో పెట్టించి, ఆరు నెలలు చేతికి లాఠీ ఇచ్చింది తనే. అందరిలో ఆమె ఒక్కతే నవ్వడం లేదు. ఆయనేం చెప్తాడా అని చూస్తోంది.

"రాయొద్దు ఉస్తాద్. నేను చూసి కాల్చలె. రెండు కండ్లూ మూసుకున్న," అన్నాడు కాశయ్య.

సాయంత్రం ఖాళీ బెల్టుతో ఇల్లు చేరితే భార్య భద్రమ్మ ఎగాదిగా చూసింది. సంగతంతా విని చేట పక్కన పెట్టింది.

"ఆ తుపాకిని చూసి ఈ ఇంట్ల బుగులు పడేది నేనొక్కదాన్నే అనుకున్న. నీకు గూడ బుగులేనా?"

"నీకన్నా ఎక్కువే."

"మరి ఇన్నేండ్లు గా మీసమెందుకు తిప్పినవయ్యా? పోయి నేర్సుకోరాదు!"

మర్నాడు కాశయ్య కొత్త కానిస్టేబుళ్ల వరుసలో చివర నిలబడి, "ఒక్క కన్నే ఎట్ల మూస్తరు ఉస్తాద్?" అని అడిగాడు. బుధ్రా నోరు తెరిచేలోపే రీనా ముందుకొచ్చి, ఎడమ కన్ను మూసి చూపించింది.