ఖాళీ అని చెప్పింది నేనే

మొన్న మంగళవారం మియాపూర్‌లో మా ఉస్తాద్ పోయాడు. ఆయన మీద మూడేళ్లు కోపం పెట్టుకున్నాను. అరవైకి దగ్గరపడిన మనిషిని, నన్ను, ఇద్దరు గార్డుల ముందు చెంప మీద కొట్టాడు. ఆ తర్వాత బస్సు డిపో దగ్గర రెండుసార్లు ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. పోయాడు కదా అని మంచి మాటలు రాస్తున్నాననుకోకండి.

హైటెక్ సిటీ ఆఫీసులకు కాపలా పెట్టే కంపెనీలో మాది పిస్తోలు డ్యూటీ. ఆయన మిలిటరీలో చేసి వచ్చిన కడప మనిషి. నాది కొత్తగూడ. మా జొన్నచేలు ఉన్న వైపే అద్దాల మేడలు లేచాయి, వాటికే నేను కాపలా. ఎక్కడివాడో వచ్చి నాకు పని నేర్పడమేమిటని మొదట్లో గుర్రుగా ఉండేది.

నేర్పింది మాత్రం ఆయనే. డ్యూటీ మారే గదిలో ఇసుక డబ్బా ఉంటుంది. పిస్తోలు మూతి దాని వైపే ఉండాలి. వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ముందు తూటాల మ్యాగజైన్ బయటికి తీయాలి. ఆ తర్వాతే పైన ఉన్న స్లైడ్ వెనక్కి లాగి, లోపల మిగిలిన తూటా రాల్చాలి. స్లైడ్ తెరిచే ఉంచి అవతలివాడికి ఇవ్వాలి. వాడు మళ్లీ చూసుకోవాలి. ఉస్తాద్ చూసి ఊరుకునేవాడు కాదు, చిటికెన వేలు లోపల పెట్టి తడిమేవాడు. పిస్తోలు మసి పట్టి ఆ వేలి కొస ఎంత కడిగినా నల్లగానే ఉండేది. అన్నం తినేటప్పుడు దాన్ని పైకెత్తి పెట్టుకునేవాడు.

"ఏంది ఉస్తాద్, నీ ముందరనే ఖాళీ చేస్తిని గద! నా మీద నమ్మకం లేదా?" అంటే నవ్వేవాడు.

"నీ మీద ఉండాదప్పా. దీని మీదనే లేదు."

ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఒక సాయంత్రం ర్యాలీ మా గేటు ముందు నుంచి పోతోంది. డప్పులు, జై తెలంగాణ కేకలు. డ్యూటీ దిగి అందులో కలవాలని నా ఆత్రం. చూపు కిటికీలో ఉంది, చెయ్యి పిస్తోలు మీద ఉంది. ముందు స్లైడ్ లాగి వదిలాను. ఒక తూటా రాలింది. ఆ తర్వాత మ్యాగజైన్ తీశాను. స్లైడ్ మూసుకుంటూ ఇంకో తూటాను లోపలికి తోసిందని చూసుకోలేదు. మూసుకున్నదాన్ని అలాగే ఉస్తాద్‌కి ఇచ్చి, "ఖాళీ" అన్నాను.

ఆయన ఇసుక వైపు పట్టి స్లైడ్ లాగాడు. తూటా నేల మీద పడి దొర్లింది. వెంటనే నా చెంప చెళ్లుమంది.

"ఖాళీ అంటివే! కండ్లు యాడ పెట్టినావప్పా? పో, నీ ర్యాలీకి పో!"

పోయాను. తెలంగాణవాడినని కొట్టాడని ర్యాలీలో నలుగురికీ చెప్పాను కూడా. నెల తిరక్కుండానే ఆయన కంపెనీలో కనబడకుండా పోయాడు. గొడవలకు భయపడి మానేశాడనుకున్నాను. అడగలేదు.

మంగళవారం బందు, బస్సుల్లేవు. కోపం ఉన్నా, పని నేర్పినవాడని కొత్తగూడ నుంచి నడిచే పోయాను. ఉస్తాద్ భార్యను వదిన అంటాను; ఆమె పెట్టెలోంచి కంపెనీ కాగితం తీసి చూపింది. పిస్తోలులో తూటా ఉంచేసినందుకు ఆయన్ని తీసేసిన కాగితం అది.

"ఇదేంది వదినా? తప్పు నాది గద!"

"తెలుసు నాయనా. ఆపీసరు వచ్చేతలికి తూటా నేల మీద, పిస్తోలు ఈయన చేతిలో ఉండాది. నాదే తప్పు అన్యాడు. ఉండే ఇద్దురి నోరు మూయించినాడు. నాకు పించనీ వస్తాది, ఆయప్పకు ఈ జీతమొకటే అన్యాడు. నీకు చెప్పద్దన్యాడు. రోషగాడు, తెలిస్తే పని ఇడ్సిపెడ్తాడన్యాడు."

మూడేళ్లు అదే గేటు దగ్గర, ఆయన విడిచిన జీతం తిన్నాను.

స్నానం చేయించేటప్పుడు ఆయన కుడిచెయ్యి నేనే కడిగాను. చిటికెన వేలు మిగతా వేళ్లలాగే తెల్లగా ఉంది. నలుపు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

కంపెనీ పెద్దలూ, ఆ తూటా నాది. ఖాళీ అన్న నోరు నాది. ఆ కాగితం మీద ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయండి, నన్ను తీసేయండి. వచ్చే వారం శుక్రవారం ఆయనకు పదకొండో రోజు. పొద్దున పది గంటలకు ఫోటో ముందు దీపం పెడతారు. ఆ దీపం పక్కన కొత్త కాగితం ఉంటుందా, ఉండదా? శుక్రవారం లోపల నాకు చెప్పండి.