పెద్దమ్మ మోకాళ్లకు అందరి మందులూ

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసి, ఒక్క క్షణం రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. ఫుట్‌పాత్ మీద సీసాలు పరుచుకుని కూర్చున్న నూనెలాయన కనిపెట్టేశాడు. "అక్కా, జర రాసి చూడు, అంతా జడీబూటీయే, ఆకులూ వేర్లే" అంటూ, వద్దనేలోపు నా చేతి మీద నల్లటి జిగురేదో పూసేశాడు. మాడిన నూనె, వెల్లుల్లి, ఇంకేదో కుళ్లినది కలిసిన వాసన. షేర్ ఆటోలో పక్కనావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిణ్ణి తప్పు పట్టలేను, నా చేయి చూస్తే నాకే రోత పుట్టింది. కొన్నేళ్ల కిందట అదే కంపు పంజాగుట్టలో మా ముందుగదిలో కాపురం పెట్టింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. పెదనాన్న పోయాక మగ్గాల ఊరు వదిలి మా ఇంటికొచ్చింది. చెల్లెలింట్లో ఊరికే తినడం ఆమెకు చేతకాదు. ముందుగదిలో కాలి మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది, ఇంటికి పాలూ కూరగాయలూ తనే తెచ్చేది. మోటారు పెట్టిద్దామంటే బట్ట చేతిలో నిలవదని ఒప్పుకునేది కాదు. "కాలు ఆడినన్ని రోజులే నా ఇజ్జత్, బిడ్డా" అనేది నాతో. ఆ మోకాళ్లే వాచాయి. డాక్టరు దగ్గరికి పోదామంటే, కుట్టు మానేయమంటాడని భయం.

కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆవిడా కొలతతో పాటు ఒక వైద్యం కూడా ఇచ్చి పోయేది. యూసుఫ్‌గూడ టీచరమ్మది నానబెట్టిన మెంతుల ముద్ద, అది పులిసి తీగలు సాగేది. ఇంకొకావిడది ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు. మరొకావిడది వావిలాకు నీళ్లు, వాటి ఆవిరికి ఇల్లంతా పసరు కంపు. అన్నీ ప్రకృతి ఇచ్చినవేనట, ఏ హానీ ఉండదట. తేలును కూడా ప్రకృతే ఇచ్చింది, ఎవరూ తీసి మోకాలికి కట్టుకోరు. గిరాకీ మనసు నొప్పిస్తే బట్ట ఇంకో దర్జీకి పోతుందని పెద్దమ్మ భయం. అందుకని ఏ రోజు ఎవరు జాకెట్టు కోసం వస్తారో ఆ రోజు వాళ్ల మందే కట్టుకుని కూర్చునేది. వచ్చినావిడ గడపలోనే తన మందు వాసన పట్టి మురిసిపోయేది. మా చుట్టాలు మాత్రం టీ సగంలో వదిలేసి లేచేవారు.

ఎదురింటావిడది కోస్తా. కూతురి నిశ్చితార్థానికి పట్టు జాకెట్టు కుట్టమని ఇస్తూ, పచ్చి వెల్లుల్లి నూరి మోకాలికి పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి రాత్రంతా ఉంచమని చెప్పింది. జాకెట్టు ఇవ్వాల్సిన రోజుకు ముందు రాత్రి పెద్దమ్మ అలాగే చుట్టుకుంది. మండుతుంటే మందు పనిచేస్తోందనుకుంది. ఆ మంటతోనే పొద్దున హుక్కులు కుట్టడం ముగించింది. ఎదురింటావిడ వచ్చి జాకెట్టు విప్పి చూసి, వాసన తగలగానే దూరంగా పట్టుకుంది.

"ఏంటండీ ఈ కంపు? పిల్లకి ఇదెలా వేస్తాను?"

నాకు ఒళ్లు మండింది. వంగి, పెద్దమ్మ చీర అంచు పైకి జరిపి కవరు విప్పాను. బొబ్బలు చితికిపోయి, ముద్దతో పాటే తోలు ఊడి వచ్చింది. కింద పచ్చి ఎరుపు, రసి. ఎదురింటావిడ వెనక్కి జరిగి, "ఆముదం కలపమన్నాను కదండీ, మీరు కలిపి ఉండరు" అంది. ఆ పుండు కన్నా ఆ మాటే నాకు ఇప్పటికీ అసహ్యం.

"గాలికి ఆరేసి ఇస్తనమ్మా, జర ఆగుండ్రి" అంది పెద్దమ్మ, జాకెట్టు కోసం చేయి చాపుతూ.

ఇన్నాళ్లూ ఏం చేశారని డాక్టరు మమ్మల్ని కసిరాడు. పుండు మానేదాకా కాలు మిషను మీద పెట్టొద్దన్నాడు. పుండు మానింది గానీ, అప్పటికి మోకాలు వంగడం మానేసింది. గిరాకీలంతా అమీర్‌పేట బొటిక్కులకు మళ్లారు. మిషను మీద ఇస్త్రీ బట్టలు చేరాయి. ఒక సాయంత్రం పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి మా అమ్మను అడిగింది, "జరంత చాయ్ పెట్టుకోనా చెల్లే?" అని. అంతవరకు ఆ ఇంట్లో ఆమె దేనికీ ఎవరినీ అడిగి ఎరగదు. అమ్మ మొహం తిప్పుకుంది.

ఆకుల మందు మెల్లగా పనిచేస్తుంది, ఓపిక పట్టాలని అందరూ చెప్పారు. ఆ మెల్లగా గడిచిన ప్రతి రోజూ ఆమె కాలు ఆడే రోజుల్లోంచే తరుగుతోందని ఒక్కరికీ తట్టలేదు.