దినాలు దాచొద్దన్న మనిషి

శ్రావణం రెండో సోమవారం నాడు నేను ఇంటిపనుల లెక్క రాసుకునే పుస్తకంలో ఉన్నది ఇది: కొళాయి నీళ్లు రెండు డ్రమ్ములు, నాలుగు బిందెలు. జొన్నరొట్టెలు పద్నాలుగు, పుండికూర పప్పు. మగ్గానికి కండెలు ముప్పై. దుప్పట్లు రెండు ఉతకాలి, ఒకటే అయింది.

రెండోది సబ్బునీళ్లలో ఉండగా ఫోను వచ్చింది. ఆదోని సర్కారు ఆసుపత్రి గేటు ముందు టీ కొట్టు నడిపే అక్క.

"కట్టు అన్న పోయినాడమ్మా. తెల్లారి నీళ్లు కాగినాయని లేపితే లేయలేదంట. సాయంత్రం నాలుగింటికి ఎత్తుతారు. నీకు చెప్పల్ల అనిపించింది."

ఆయన మాకు బంధువు కాడు. ఆ ఆసుపత్రిలో, ఎముకల డాక్టరు గది పక్కన, విరిగిన చేతులకూ కాళ్లకూ సిమెంటు కట్లు వేసే గదిలో చాలా ఏళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. డాక్టర్లతో సహా అందరూ కట్టు అన్న అనే పిలిచేవారు. నా కూతురు ఈ రోజు కుడిచేత్తో పెన్ను పట్టుకుంటోందంటే అందులో ఆయన పాలు ఉంది. ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా రేపు ఎవరైనా పడితే, ఆయన మాటలు పనికొస్తాయని కూడా రాస్తున్నాను.

పదేళ్ల కిందట ఇదే నెలలో మా వాళ్లంతా ట్రాక్టరులో ఉరుకుంద జాతరకు పోయాం. దిగేటప్పుడు నా కూతురు ట్రాలీ అంచు మీది నుంచి జారి, కుడిచేయి ఊని పడింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. మోచేయి చూస్తుండగానే ఉబ్బింది. మా వైపు ఎముక విరిగిందంటే మొదట గుర్తొచ్చేది నాటు కట్టే. తిరుగు దారిలో ఒక ఊళ్లో కట్టు కట్టే ముసలాయన ఉన్నాడంటే అక్కడికే తీసుకుపోయాం. ఆయన కోడిగుడ్డు సొన, ఏదో పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. తొమ్మిది దినాలు విప్పొద్దన్నాడు. నేను ఇంటికొచ్చి క్యాలెండరులో తొమ్మిదో దినం చుట్టూ సున్నా చుట్టాను.

ఐదో దినం కూతురు అంది: "అమ్మా, ఈ వేళ్లు నావి కానట్టుండాయి."

"ఇంగ నాలుగు దినాలే గదా, ఓర్సుకో" అన్నాను. ఒక లెక్క పెట్టుకున్నాక దాన్ని తప్పకుండా నడపడం మంచి గుణమనే అనుకునేదాన్ని.

ఎనిమిదో దినం దాని వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి చూశాను. నిలవలేదు. కింద పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. అప్పుడు ఆదోని బస్సెక్కాం.

నాటు కట్టుతో లోపలికి పోతే డాక్టరు తిడతాడని బస్సులో ఒకామె చెప్పింది. అందుకని గేటు బయట, టీ కొట్టు వెనక, నేనే ఆ కట్టు విప్పేశాను. అక్కడ మాలాంటివాళ్లు పారేసిన వెదురు బద్దలు కుప్ప పడి ఉన్నాయి. "ఆ మూలకేయమ్మా, పొయ్యి రాజెయ్యను పనికొస్తాయి" అంది టీ కొట్టు అక్క. కొళాయి దగ్గర బిడ్డ చేయి కడిగి లోపలికి తీసుకుపోయాను.

"ఎప్పుడు పడింది?" అన్నాడు డాక్టరు.

"నిన్న సార్" అన్నాను.

ఎక్స్‌రే తీయించి చూశాడు. ఎముక పక్కకు జరిగిందనీ, రేపు పొద్దున మత్తిచ్చి లాగి సరిచేస్తామనీ, అంతవరకు చేయి కదలకుండా తాత్కాలికంగా కట్టు వేయించుకోమనీ రాసిచ్చాడు. అట్లా మొదటిసారి కట్టు గది ముందు నిలబడ్డాం.

మాకంటే ముందు పత్తికొండ వైపు రైతు ఒకాయన బల్ల మీద కాలు చాపుకొని కూర్చున్నాడు. ఒళ్లో సంచి. సంచిలోంచి వెదురు బద్దలు బయటికి కనబడుతున్నాయి.

"ఆ బద్దలేందప్పా?" అన్నాడు కట్టు అన్న, పట్టీ తడుపుతూ.

"టమోటా చెట్లకు ఊతం కట్టేకి."

"కోడిగుడ్డు సొన పూసి కడతారా? మీ పత్తికొండ టమోటాలు బలే పెట్టి పుట్టినాయప్పా."

వరుసంతా నవ్వింది. రైతు కూడా నవ్వాడు. "సరే, బద్దలు దాచుకో. దినాలు మాత్రం దాచొద్దు. ఏ దినం పడినావు?"

"పోయిన శుక్రవారం" అన్నాడు రైతు, మెల్లగా.

మా వంతు వచ్చింది. ఆయన నా కూతురి బొటనవేలి గోరు నొక్కి వదిలి, రంగు ఎంత సేపటికి తిరిగొస్తుందో చూశాడు. ఒక్కొక్క వేలు ఆడించమన్నాడు. రెండు వేళ్లు కదలలేదు. చేయి ముక్కు దగ్గరికి తెచ్చుకొని, కడిగినా పోని పసరు వాసన చూశాడు. నన్ను నవ్వించలేదు. పట్టీని తడపకుండా పక్కన పెట్టాడు.

"ఎన్ని దినాలు చెల్లీ?"

బిడ్డ నా మొహం చూసింది. "ఎనిమిది" అన్నాను చివరికి.

"డాక్టరుకు ఎన్ని చెప్పినావు?"

"నిన్ననన్నాను. తిడతాడని."

"తిడతాడు. రెండు నిమిషాలు తిడతాడు. నాకు తెలుసు గదా, రోజూ వింటాండా. ఒక దినం ఎముక వేరే, ఎనిమిది దినాల ఎముక వేరే. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తాది, పడిన దినం కనిపించదు. అది నీ కాడ ఉండాది. రేపు ఆయన ఈ చేయి పట్టుకొని లాగుతాడు. పోయి చెప్పు."

"మీరు చెప్పండన్నా."

"నేను చెప్తే నా మాట ఐతాది. నువ్వు అమ్మవి. ఈ పట్టీ తడపకుండా పెట్టింటా. పోయిరా."

వెనక నిలబడ్డ ఒకాయన, "మేము గూడా నిలబడినామన్నా" అని గొణిగాడు.

"నిలబడినావంటే కాళ్లు బాగుండాయనే గదప్పా" అన్నాడు కట్టు అన్న.

నేను లోపలికి పోయి చెప్పాను. డాక్టరు తిట్టాడు. తర్వాత ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాడు, వేళ్లు తాకి చూశాడు. రాసిన కాగితం కొట్టేశాడు. ఎనిమిది దినాలైన ఎముకను గట్టిగా లాగితే నరం దెబ్బతింటుందనీ, తెరిచి సరిచేయాలనీ, చిన్నపిల్లలకు అది కర్నూలు పెద్దాసుపత్రిలోనే చేస్తారనీ చెప్పి, అంబులెన్సుకు తనే ఫోను చేయించాడు. నేను "నిన్న" అనే మాట మీదే ఉండి ఉంటే, ఆ రెండు వేళ్లు ఏమయ్యేవో నాకు ఇప్పటికీ ఆలోచించాలని లేదు.

బండి దగ్గరికి కట్టు అన్న వచ్చాడు. చేతికి మెత్త పెట్టి, మెడకు గుడ్డ వేసి, తగిలించాడు. "ఆడ పెద్ద వరుస ఉంటాది, బెదరొద్దు. కాగితాలు సంచిలో కాదు, చేతిలో పెట్టుకో. బిడ్డకు ఏమీ పెట్టొద్దు, నీళ్లు గూడా వాళ్లను అడిగే తాపియ్యి. మత్తియ్యాలంటే కడుపు ఖాళీగా ఉండల్ల. రేషను కార్డు, ఆధారు ఇంటి నుంచి తెప్పించుకో, ఆపరేషనుకు అడుగుతారు. ప్రతి కొత్త డాక్టరూ మళ్లా మొదటి నుంచి అడుగుతాడు. ఇసుక్కోవద్దు. ప్రతి ఒక్కరికీ ఎనిమిది దినాలనే చెప్పు."

"నయమైతాదా అన్నా?"

"వాళ్లు ఏమి చేస్తారో నేను చెప్పగలను. నయమయ్యేది ఎముక ఇష్టం."

"ఏం కాదులే" అని ఆయన నాకే కాదు, ఎవరికీ చెప్పగా నేను వినలేదు. మొదట అది కఠినం అనిపించింది. కర్నూలులో ఆయన చెప్పినవన్నీ ఆ వరుసలోనే జరిగాక, అదే పెద్ద ధైర్యమని తెలిసింది. అయిదుగురు డాక్టర్లు అడిగారు. అయిదుగురికీ ఎనిమిది దినాలు అన్నాను. ఆపరేషను అయింది.

తర్వాత చూపించుకోవడానికి ఆదోనికే వచ్చేవాళ్లం. వేళ్లలో స్పర్శ మెల్లగా వచ్చింది కానీ మోచేయి వంగదు, సాగదు. వ్యాయామం చేయించే మేడం దగ్గరికి వారానికొకసారి రావడం మాకు కష్టమవుతోందని చెప్పినప్పుడు కట్టు అన్న, "ఇంట్లో ఏముండాది?" అని అడిగాడు.

"మగ్గం."

"అంటే కండెలు చుట్టే రాట్నం ఉండాది."

మమ్మల్ని మేడం దగ్గరికి తీసుకుపోయి, రాట్నం ఎట్లా తిప్పుతారో గాల్లో చేయి తిప్పి చూపించాడు. ఆమె చూసి, చేయించమంది. రోజుకు ఇన్ని అని లెక్క ఇచ్చింది. ఆయన దానికి ఒక మాట కలిపాడు: "మూతి ముడుచుకునేదాకా తిప్పించు. ఏడ్చేదాకా వద్దు."

"కట్టు మామ నాతో మా నాయనకు కూలి లేకుండా పనిచేయిస్తాండాడు" అనేది నా కూతురు. మూతి ముడుచుకొనే తిప్పింది. మరుసటి శ్రావణానికి పెన్సిలు పట్టింది, తన జడ తాను వేసుకుంది. మోచేయి ఇప్పటికీ పూర్తిగా సాగదు. కొంచెం తక్కువే. ఆ తక్కువ నాది.

ఆయన అలవాట్లు కొన్ని నాకు గుర్తున్నాయి. కట్టు ఆరాక దాని మీద నీలం పెన్సిలుతో రెండు తేదీలు వేసేవాడు: పడిన దినం ఒకటి, కట్టు వేసిన దినం ఒకటి. "కాగితం పోతాది, కాలు పోదు" అనేవాడు. రిటైరయ్యాక కూడా ఎముకల డాక్టరు చూసే రోజుల్లో టీ కొట్టు బెంచీ మీద కూర్చొని, లోపలికి పోయేవాళ్లను ఆపి, "డాక్టరు అడుగుతాడు, ముందే అనుకోండి. ఎప్పుడు పడినారు, ఎట్ల పడినారు, ఈడికి రాకముందు యాడికి పోయినారు" అని చెప్పేవాడు. కొందరు ఎవరీ ముసలాయన అని విసుక్కునేవారు. ఆయన వాళ్లకూ చెప్పేవాడు.

బిడ్డ చేయి చక్కబడ్డాక ఇంటాయన నేసిన దుప్పటి ఒకటి తీసుకుపోయి ఇచ్చాను. మడత కూడా విప్పలేదు.

"నా కాడ దుప్పట్లుండాయి చెల్లీ. నాకు ఒగ మనిషిని బాకీ ఉండు. మీ వీధిలో ఎవురన్నా పడితే ఆ దినమే ఈడికి పిల్సుకోని రా. ఒక్కరు చాలు."

ఒక్కరే కదా అనుకున్నాను. పదేళ్లలో ఒక్కరిని తేలేకపోయాను. మా మరిది లారీ మీది నుంచి పడితే చెప్పాను, "వదినకు ఆసుపత్రి పిచ్చి పట్టింది" అని నాటు కట్టుకే పోయాడు. ఇంకొకరు నా మాట విని బయలుదేరి, దారిలో బంధువులు చెప్తే మళ్లారు. నేను గట్టిగా చెప్పేదాన్ని కాను. నేనే ఎనిమిది దినాలు కూర్చున్నదాన్ని, ఏ మొహంతో చెప్పను? ఆదోని పోయినప్పుడల్లా ఆయన బెంచీ మీది నుంచి, "తెచ్చినావా?" అనేవాడు. "లేదన్నా." "సరే, నాకేం తొందర లేదు."

ఫోను వచ్చిన ఆ సోమవారం ఉరుకుంద జనంతో నిండిన బస్సులో నిలబడి ఆదోని పోయాను. ఆయన ఇంటి ముందు చేతికర్రల మీద వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన భార్య నా చేయి పట్టుకొని కూర్చోబెట్టింది. "తలనొప్పి అన్నా ఎప్పటి నుంచి అని అడిగేటోడమ్మా. ముందు ఒగ మంచి మాట చెప్పల్ల గదా మనిషి" అంది. కళ్లు తుడుచుకుంది. ఆయన పాదాలకు మొక్కి వచ్చేశాను. తెచ్చానని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పదిహేను దినాల తర్వాత పక్కింటి అవ్వ కళ్లాపి చల్లుతూ జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కొడుకు అప్పటికే బండి తీశాడు, నాటు కట్టుకు పోదామని. నేను చెప్పాను. ఈసారి బండికి అడ్డం నిలబడి చెప్పాను. "నువ్వు ఉండక్కా, ఊరంతా ఆడికే పోతారు" అన్నాడు.

నా కూతురు దువ్వెన చేతిలో పట్టుకొని బయటికి వచ్చింది. అవ్వ ముందు రెండు చేతులూ చాచింది. ఎడమది నిటారుగా పోయింది. కుడిది మోచేతి దగ్గర ఆగింది.

"అవ్వా, ఇది ఎనిమిది దినాలు ఆగిన చేయి."

అవ్వ రెండు చేతులూ మార్చి మార్చి చూసింది. కొడుకుతో, "బండి ఆదోనికి తిప్పురా" అంది. నేను వెనక బస్సులో పోయాను.

డాక్టరు కొత్తగా వచ్చిన చిన్నాయన. "ఎప్పుడు పడ్డావవ్వా?"

"ఈ పొద్దే నాయనా. కళ్లాపి చల్లుతాంటే. యాడికీ పోకుండా నేరుగా నీ కాడికే వచ్చినా. బకెట్టు గూడా పగిలింది, అదీ చూస్తావా?"

ఆయన నవ్వి, చేయి మొద్దుబారడానికి సూది వేయించి, అప్పుడే లాగి సరిచేశాడు. మళ్లీ ఎక్స్‌రే తీయించి, కుదురుకుందన్నాడు. మధ్యాహ్నానికి కట్టు పడింది.

బయటికి వచ్చి అవ్వ టీ కొట్టు బెంచీ మీద కూర్చుంది. కట్టు ఇంకా పచ్చిగా ఉంటే ఆ చేయి ఒళ్లో ఎండకు పెట్టుకొని, ఎడమచేత్తో గ్లాసు పట్టుకొని ఊదుకుంటూ తాగింది. నేను పక్కన నిలబడే ఉన్నాను. ఇంటికి వచ్చాక పుస్తకంలో రాశాను:

కట్టు అన్నకు బాకీ, ఒక మనిషి. పడిన దినమే. తీరింది.