ఆర్వోకి పెద్ద రెక్కలంటే గిట్టదు

ఆర్వో లెహ్తినెన్‌ కంటికి మనుషులు ఆనరు, బరువులు ఆనుతాయి. కెనడాలో పెద్ద సరస్సు ఒడ్డున, థండర్ బేలో డైవింగ్ సామాన్ల కొట్టు నడిపే ఈ ఫిన్లండ్ సంతతి మనిషి దేన్ని చూసినా, ఇది నీళ్లలో పడితే తేల్చడానికి ఎంత రెక్క కావాలా అని లెక్క కడతాడు. రెక్కంటే మరేమీ కాదు, డైవర్లు వీపుకీ సిలిండర్‌కీ మధ్య కట్టుకునే గాలి తిత్తి. గాలి నింపితే పైకి, వదిలితే కిందికి. ముప్పై పౌండ్ల రెక్క ముప్పై పౌండ్ల బరువును మోస్తుంది. ఇంతోటి సంగతి మీద ఒక మనిషి జీవితాంతం మొండిపట్టు పట్టగలడని ఆర్వోని చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు.

బాప్తిస్మానికి వెళ్లినప్పుడు పసిబిడ్డను ముద్దాడమని చేతికిస్తే, ఒకసారి పైకెత్తి చూసి, "రెండు పౌండ్లు చాలు" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ తల్లి ఈనాటికీ అతనితో మాట్లాడదు.

కొట్లోకి వచ్చినవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

"అరవై పౌండ్లది ఇవ్వండి, ఎందుకైనా మంచిది."

"ఎందుకు మంచిది?"

"పెద్దదైతే భద్రం కదండీ!"

"నీ బూటు సైజెంత?"

"పది."

"పద్నాలుగు తొడుక్కుని మెట్లు దిగు. భద్రం."

అతని శాస్త్రంలో ప్రశ్నలు రెండే. రెక్క నిండా గాలి పడితే, నువ్వు లేకుండా నీ సామాను నీటిమీద నిలుస్తుందా? లోతుకి పోయాక నీ రబ్బరు సూటు నీటి ఒత్తిడికి నలిగి తేలే గుణం పోగొట్టుకుంటే, ఆ లోటును రెక్క పూడుస్తుందా? ఈ రెంటికీ సరిపోయిందా, అదే నీ సైజు. "ఆపైన ఒక్క పౌండయినా, అది గాలి కాదు, పొగరు" అంటాడు.

ఈ శాస్త్రానికి ఊళ్లో ఎదురు తిరిగినవాడు స్టాన్ కొవాల్చుక్ ఒక్కడే. ఆర్వోని ఉడికించడానికే టొరొంటో నుంచి అరవై పౌండ్ల రెక్క తెప్పించి, దాన్ని వీపున వేసుకుని కొట్టు ముందు అటూ ఇటూ తిరిగాడు. ఆర్వో తలుపు మూసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇద్దరూ దాని మీదే పోట్లాడుకున్నారు. వాళ్లంత దగ్గరి స్నేహితులు ఊళ్లో లేరు.

ఒక అక్టోబరులో స్టాన్‌ని క్యాన్సర్ తీసుకుపోయింది. శవపేటిక మోసినవాళ్లలో ఆర్వో ఒకడు. చర్చి అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, పేటిక అవతలి కొస పట్టుకున్న పడవ నడిపే గోర్డీతో అతను గుసగుసలాడాననుకున్నాడు గానీ, అది అందరికీ వినిపించింది.

"ఓక్ చెక్క. దీనికి రెక్కే అక్కర్లేదు. ఆ ఇత్తడి పిడులు పీకేస్తే స్టాన్‌తో సహా తేలుతుంది."

ముందు వరుసలో కూర్చున్న స్టాన్ భార్య డోరీన్ గొంతులో నవ్వో ఏడుపో ఏదో అడ్డం పడింది. అది బయటికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

కాలమే మాన్పుతుందన్నారు ఊరివాళ్లు. ఊరివాళ్లకేం, అంటారు. కాలం మాన్పింది లేదు, ఇంట్లో చీకటి పెంచింది. ఇరవై ఏళ్లు స్కూలు బస్సు నడిపి, వెనక సీట్లో అల్లరి పిల్లల్ని అద్దంలోంచే హడలెత్తించిన డోరీన్, ఇప్పుడు సింకు దగ్గర నిలబడి టోస్టు తింటోంది. పళ్లెం కడిగే పని తప్పుతుందని. బల్ల దగ్గర కూర్చుంటే ఎదుటి కుర్చీ కనిపిస్తుందని కూడా.

నవంబరులో స్టాన్ రెక్కను చంకన పెట్టుకుని ఆర్వో కొట్టుకి వెళ్లింది.

"మంచు కరిగాక ఒక్కసారి సరస్సులో మునిగిన ఆ ధాన్యం ఓడ దగ్గరికి దిగుతాను. నేనూ స్టానూ ఏటా వెళ్లేదే. ఇది కట్టుకునే దిగుతాను. తర్వాత సామానంతా అమ్మేసి విన్నిపెగ్‌లో అక్క దగ్గరికి పోతాను. ఇక నీళ్ల మొహం చూడను."

ఆర్వో ఆమెను చూశాడు. రెక్కను చూశాడు.

"అది రెక్క కాదు, పరుపు. నీ ఒక్క సిలిండర్‌కి అదేం చేస్తుందో తెలుసా? రెండువైపులా పైకి లేచి సిలిండర్ని చుట్టుకుంటుంది. నువ్వు చేసే వరెనికీ కుడుముల్లో బంగాళాదుంప ముద్ద ఉంటుందే, అలా ఉంటుంది నీ సిలిండర్."

"నా మొగుడిది. నా ఇష్టం."

"ఊళ్లో గాలి నింపే యంత్రం నాదొక్కటే. సైజు కుదిరేదాకా నీ సిలిండర్ నింపను. బుధవారం సాయంత్రం ఈతకొలనుకి రా."

"నువ్వు మనిషివి కాదు ఆర్వో!"

"సూటు తెచ్చుకో."

ఆ బుధవారం డోరీన్ కోపంతోనే నీళ్లలోకి దిగి, కోపంతోనే రెక్కలో గాలి నింపింది. పరుపు లేచింది. సిలిండర్ని కౌగిలించుకుంది. ఆమెను ముందుకు తోసి ముఖం నీళ్లలో ముంచింది. గాలి వదలబోతే మడతల్లో చిక్కుకుని వదల్లేదు. డోరీన్ ఓ పక్కకి ఒరిగి, ఒక కాలు పైకి, ఒక చెయ్యి కిందికి పెట్టి, తిరగలిలా గుండ్రంగా తిరిగింది. గట్టుమీద ఆర్వో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్టాన్ బాగానే మోస్తున్నాడా?" అన్నాడు.

అప్పుడు వచ్చింది నవ్వు. చర్చిలో ఇరుక్కున్నది అంతా కలిసి ఒక్కసారే వచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. నీళ్లలో ఉంది కాబట్టి ఏది ఏదో ఎవరూ తేల్చి చూడలేదు.

అక్కడితో అయిపోవాలి. కాలేదు. తర్వాతి బుధవారం ముప్పై అయిదు పౌండ్లది కట్టి, ఎక్కువన్నాడు. ఆపై వారం పాతిక కట్టి, తక్కువన్నాడు. ఉక్కు సిలిండర్ బదులు అల్యూమినియంది పెట్టి మళ్లీ మొదలెట్టాడు. సూటు పాతబడి పల్చబడిందని, కొత్త సూటు తెప్పించి లెక్కంతా తిరగరాశాడు. జనవరికి అతనికి కొలను నీళ్ల మీదే అనుమానం వచ్చింది.

"సరస్సు నీళ్లు వేరు."

"రెండూ మంచినీళ్లే కదయ్యా!"

"మంచినీళ్లలో రకాలుంటాయి."

బయట మైనస్ ముప్పై డిగ్రీల చలి. తడి జుట్టుతో గుమ్మం దాటితే వెంట్రుకలు పుల్లల్లా బిగుస్తాయి. అందుకని ప్రతి బుధవారం కొలను నుంచి తిన్నగా ఫిన్నుల హోటలుకి పోయి, పళ్లెమంత పాన్‌కేకులు ముందు పెట్టుకుని జుట్టు ఆరేదాకా కూర్చోవడం రివాజయింది. గోర్డీ వచ్చేవాడు. ఇంకెవరో వచ్చేవారు. స్టాన్ వాదాన్ని ఎవరో ఒకరు అందుకోవాలి గనక డోరీన్ అందుకుంది. పెద్ద రెక్కే మేలని, నమ్మకం లేకపోయినా, బల్ల గుద్ది మరీ వాదించింది.

జూలైలో పడవ ఎక్కేముందు ఆర్వో ఆమె వీపున కొత్త రెక్క బిగించాడు. ముప్పై పౌండ్లది. అతను తాళ్లు చూడ్డానికి అవతలికి పోగానే గోర్డీ దగ్గరికొచ్చి దాని మీద ఏదో దులిపాడు.

"పిల్లి బొచ్చు. ఏమనుకోకు."

"దీనిమీద మీ పిల్లి బొచ్చేంటి?"

"నవంబరు నుంచి దీని పెట్టె మీదే పడుకుంటోందిగా. నువ్వు తొలిసారి కొలనుకి వచ్చిన మర్నాడే తెప్పించాడు. కొట్లో ఉంటే నీ కంట పడుతుందని మా గరాజ్‌లో దాయించాడు." గోర్డీ నాలిక కరుచుకున్నాడు. "చెప్పొద్దన్నాడు!"

ఓడ మునిగిన చోట పడవ ఆగగానే డోరీన్ నీళ్లలోకి దిగింది.

అడుగున ఓడ ఉంది. ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. స్టాన్ లేడు. అక్కడికి వస్తే అతను ఏదోలా తెలుస్తాడని ఎనిమిది నెలలుగా కడుపులో దాచుకున్న ఆశ, ఆ చలికి నిలవలేదు. కిటికీ కన్నంలోంచి ఒక బర్బాట్ చేప తల బయటపెట్టి ఆమెను అద్దెకొచ్చిన మనిషిని చూసినట్టు ఎగాదిగా చూసి, లోపలికి పోయింది. అంతే. డోరీన్ డెక్కు మీద జానెడు ఎత్తున, మునగకుండా, లేవకుండా నిలిచి చాలాసేపు ఉండిపోయింది. వీపున రెక్క ఉన్నట్టే తెలియలేదు. పక్కన ఖాళీ మాత్రం బాగా తెలిసింది.

పైకి వచ్చి పడవ నిచ్చెన పట్టుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు ఆర్వో.

"కాస్త పెద్దదేమో."

"పెద్దదా!" ఆర్వో మొహం కందగడ్డ అయింది. "ఒక్క పౌండు తేడా ఉంటే చెవి కోయించుకుంటా! నవంబరులోనే నేను..." ఆగిపోయాడు.

"నవంబరులోనే?" అంది డోరీన్. "మరి ఇన్ని బుధవారాలు దేనికి?"

ఆర్వో సరస్సు కేసి తిరిగాడు. ఆర్వో లాంటి ఫిన్నులకి సరస్సులుండేది ఇలాంటప్పుడు చూడ్డానికే.

"జుట్టు తడిస్తే," అన్నాడు చివరికి, "నేరుగా ఇంటికి పోలేవు. ఎక్కడో చోట కూర్చుని వేడిగా తినాలి."

డోరీన్ నిచ్చెన ఎక్కడానికి అతని చెయ్యి అందుకుంది, అంతే.

ఆ సాయంత్రం విన్నిపెగ్ నుంచి అక్క ఫోన్ చేసింది.

"గది సర్ది ఉంచానే. ఎప్పుడు వస్తున్నావు?"

"ఇప్పుడప్పుడే కాదక్కా. రెక్క సైజు ఇంకా కుదర్లేదు."

"ఇంకానా? ఎన్నాళ్లు పడుతుందే?"

"ఏం చెప్పగలం?" అంది డోరీన్, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఈ ఆర్వో ఉన్నాడే, మహా చాదస్తపు మనిషి."